వెనక నుంచి పిలిచిన మా యారాలు

మా యారాలు పోయిన కబురు నాకు చల్ల అమ్మే ఆమె నోట అందింది. నిజామాబాదులో మా వాకిట్లో కుండ దించి, చెంగుతో మెడ తుడుచుకుంటూ, "అమ్మా, ఎడపల్లి దిక్కు పసుపు తుపాకోళ్ల పెద్దామె పోయిందట. మీకేమన్న ఎరికేనా?" అని అడిగింది. ఆ ఇల్లు నా అత్తగారిల్లని ఆమెకు తెలియదు. తెలిస్తే ఆ పేరుతో అని ఉండేది కాదు. నేను గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు రావలసిన చోట ముందు సిగ్గు ముంచుకొచ్చింది. చచ్చిపోయినా ఆ మనిషిని ఆ పేరు వదలలేదే అని.

యారాలంటే మా ఆయన అన్నగారి భార్య. కృష్ణ అవతలి వాళ్లు తోటికోడలంటారు. నేను అక్క అనేదాన్ని. ఇక్కడా అక్క అనే రాస్తాను. మా ఇంటికి పసుపు తుపాకోళ్లు అన్న పేరెట్లా వచ్చిందో బోధన్ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పెళ్లిళ్లలో, సంతల్లో చెప్పుకుని నవ్వుకుంటారు. వాళ్లు చెప్పేది సగం. మిగతా సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆమె బతికుండగా ఎవరమైనా చెప్పి ఉంటే బాగుండేది.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో మూట కట్టే పని అక్కదే. పుట్టింటికి పోయే ఆడపడుచుకైనా, పంచాయితీకి పోయే మామగారికైనా ఆమె చేతి మూటే. నేను పట్నం నుంచి తెచ్చుకున్న మూట విప్పి చూసి, "పట్నపోళ్ల మూట గిట్లనే ఉంటదా? మీద జరీ, లోపల అంత గాలి" అని నవ్వింది. నాకు కోపం వచ్చింది. వచ్చిన మూడోనాడే నన్ను వెక్కిరించిన మనిషితో ఎట్లా వేగాలో అనుకున్నాను. సాయంత్రం నా చీరలన్నీ తీసి, పక్కన కూర్చుని మళ్లీ సర్దింది. "మూట గట్టేటప్పుడు అవతల ఇప్పేటోన్ని యాది చేసుకోవాలె. ఆనికి ఆకలైతది, దూపైతది, తొందరైతది. ఏది ముందు అక్కరపడ్తదో గది మీద" అని చెప్పింది. నేను మూతి ముడుచుకునే విన్నాను. ఆ మాట మాత్రం పోలేదు.

ఏడాదంతా కట్టే మూటలు ఒక ఎత్తు, చాంద్‌మారి మూట ఒక ఎత్తు. నిజాంసాగర్ కాలువ వచ్చాక మా పొలాల్లో చెరుకు పడింది. చెరుకుతోపాటు అడవి పందులూ వచ్చాయి. రాత్రి దిగితే పొద్దున మడికి మడి నేలమట్టం. అందుకని సర్కారును అడిగి అక్క భర్త, మా బావగారు, ఒక తోటాల తుపాకి తెచ్చుకున్నారు. తుపాకి ఉన్న ఆసాములంతా దసరా పోయినాక ఒకరోజు బోధన్ శివారు మైదానంలో చాంద్‌మారికి రావాలి. మట్టిదిబ్బ ముందు బల్ల నిలబెట్టి, దాని మీద గుండ్రంగా గీసిన చాంద్‌కు గురిపెట్టి పోలీసు సాబు ఎదుట కాల్చాలి. అప్పుడే కాగితం మీద మొహరు పడుతుంది. మొహరు లేకపోతే తుపాకి లేదు, తుపాకి లేకపోతే చెరుకు లేదు.

ఆ రోజు తెల్లవారగానే అక్క స్నానం చేసి నడవలో చాప పరిచేది. సామానంతా చాప మీద పెట్టి, ఒక్కొక్కటీ చేతితో ముట్టి పేరు చెబుతూ సంచిలో పెట్టేది. "గిది కూసునేటందుకు" అంటే శత్రంజి. "గిది తినేటందుకు" అంటే జొన్నరొట్టెలు, తొక్కు, ఉల్లిగడ్డ, బెల్లంముక్క. "గిది తాగేటందుకు" అంటే మరచెంబు. తోటాలు పాత బిస్కట్ల డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టేది. నూనె పీలికలు, గొట్టం తుడిచే గజం, వెదురుబొంగులో మొహరు కాగితం, చేతిరుమాలు. "గిది సెవులకు" అంటే రెండు దూది ఉండలు. పక్కన నలుగురు కాలుస్తుంటే చెవులు దిబ్బడ పడతాయని ఆమె దగ్గర కూర్చుని ఏకిన దూది. అన్నిటికన్నా ఆఖరున తుపాకి.

తుపాకిని ఆఖరున పట్టడానికి కారణముంది. దసరానాడు మా ఇంట్లో కొడవలి, నాగలి, కత్తితోపాటు తుపాకికీ పూజ. పూజ అయ్యాక జమ్మి ఆకు, పసుపుకొమ్ము పసుపు గుడ్డలో చుట్టి గొట్టం మూతిలోకి వేలు లోతున కూరి పెడతారు. దేవుడి పేరు ఉన్నట్టూ ఉంటుంది, కుమ్మరిపురుగు లోపల మట్టిగూడు కట్టకుండానూ ఉంటుంది. చాంద్‌మారినాడు అక్కే ఆ గుడ్డ తీసి, కొమ్మును దేవుడి గిన్నెలో వేసి, గొట్టం తుడిచి, మీద గుడ్డ గలేబు తొడిగి ఇచ్చేది. బావగారు ఎన్నడూ చూసుకునేవారు కాదు. చూసుకోవలసిన అవసరం రానిచ్చేది కాదు అక్క.

ఆ ఏడు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్నారు. చిమ్నీ ఇంకా సగమే లేచింది. ఫ్యాక్టరీ వస్తుందని మావాళ్లు పసుపు తగ్గించి, ఉన్న భూమంతా చెరుకే వేశారు. కాబట్టి తుపాకి మీదే అందరి ప్రాణమూ ఉంది. పొద్దున అక్క సంచి సర్దుతుండగా బావగారి షేర్వాణీ గుండీ ఊడింది. సాబు ముందుకు గుండీ లేకుండా ఎట్లా పోవాలని ఆయన ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచారు. అక్క సంచి వదిలి సూదీదారం పట్టింది. గుండీ కుట్టి, దారం తెంపుతుండగానే దారిలో అటే పోయే పొరుగూరి పటేళ్ల బండి గజ్జెలు వినిపించాయి. వాళ్లకన్నా వెనక పడతానేమోనని బావగారు చాప మీది తుపాకి తీసుకుని, తనే గలేబు తొడిగి, సంచి భుజాన వేసుకుని గడప దాటారు.

అక్క సూది చేతిలోనే పట్టుకుని గడప దాకా వచ్చింది. బావగారు వాకిలి దాటుతున్నారు. ఆమె నోరు తెరిచింది, చెయ్యి ఎత్తింది. పక్కనే ఉన్న మా అత్తగారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"వెనకకెళ్లి పిలుస్తరానే? మంచిపనికి పోతున్నడు."

అక్క నోరు మూసుకుంది. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే పోయే పని చెడుతుందని మా ఇండ్లల్లో గట్టి పట్టింపు. చిన్నపిల్లలు పిలిచినా చెంప పగిలేది. బండి మలుపు తిరిగింది. అక్క గడపలోనే నిలబడి ఉంది. ఏమైందని నేను అడగలేదు. గుండీ కోసం తిట్లు తిన్నదని బాధపడుతోందనుకున్నాను.

పొద్దు పైకి వచ్చింది. ఆమె వంటింట్లోకి, దేవుడి గూటి దగ్గరికి తిరుగుతూనే ఉంది. ఆఖరికి నన్ను పిలిచి, "గిన్నెల పసుపుకొమ్ము ఉన్నదా సూడే. నా కండ్లు పన్జేస్తలేవు" అంది. చూశాను. గిన్నెలో కుంకుమ, అక్షింతలే ఉన్నాయి. లేదన్నాను. ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

"అత్తా, గొట్టంల గుడ్డ అట్లనే ఉండిపోయింది. పేలిస్తే గొట్టం పల్గుతది" అని అత్తగారితో చెప్పింది.

"దేవుని పసుపు. ఏం గాదు. లోపలికి నడువు" అన్నారు అత్తగారు.

పరుగెత్తించడానికి ఇంట్లో మగవాళ్లు లేరు. మా ఆయన వకీలు పని మీద నిజామాబాదులో ఉన్నారు, జీతగాళ్లు దూరపు చెలకలో ఉన్నారు. అక్క వినలేదు. పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. పటేలు ఇంటి కోడలు, చెప్పులు లేవు, తల మీద కొంగు లేదు. అత్తగారు పెరట్లో నిలబడి పేరు పెట్టి పిలిచారు. వెనక నుంచి పిలవకూడదన్న పట్టింపు అప్పుడు ఆమెకూ గుర్తు రాలేదు.

తరువాతిది నేను చూడలేదు. బండి తోలిన జీతగాడు చెప్పిందీ, చాలా కాలానికి అక్క చెప్పిందీ కలిపి రాస్తున్నాను. బండిబాట చుట్టు తిరుగుడని ఆమె కాలువ గట్టు పట్టింది. గట్టు తెగిన చోట నీరు కట్టిన చెరుకు మళ్లలో పడి మోకాళ్ల దాకా బురదలో నడిచింది. చిమ్నీ కట్టే కూలీలు పైనుంచి చూసి, ఎవరింట్లోనో చావు కబురనుకున్నారట. మైదానం దగ్గర ఎర్రజెండా పట్టుకున్న జవాను అడ్డం వస్తే వాని చెయ్యి కింది నుంచి దూరిపోయింది.

తాలూకాలోని పటేళ్లు, దేశాయీలు గుడారం నీడన కూర్చున్నారు. బావగారు అప్పుడే గీత దగ్గరికి వచ్చి, తోటా వేసి, తుపాకి భుజానికి ఆనించారు.

"ఇగో, ఆగు! పేల్చకు!" అని అక్క అరిచింది.

గుడారంలో ఉన్న తలలన్నీ తిరిగాయి. బావగారి తల ఒక్కటే తిరగలేదు. ఆమె ఇంకా ముందుకు ఉరికి, గొంతు చించుకుని మళ్లీ పిలిచింది. అప్పుడు ఆయన తుపాకి దించి వెనక్కి చూశారు. సాబు కోపంగా వచ్చి తుపాకి లాక్కుని, మడత విప్పి, తోటా తీసి, గజం పెట్టి తోశాడు. పసుపు గుడ్డ ఊడిపడింది. కొమ్ము దొర్లుకుంటూ పోయి సాబు బూటు దగ్గర ఆగింది.

గుడారంలోని వాళ్లు మెడలు సాచి చూశారట. తరువాత ఒకడెవడో, "పసుపు తుపాకిరో!" అన్నాడు. ఇక గుడారమంతా నవ్వే. సాబు ఒక్కడే నవ్వలేదట. గొట్టంలోకి చూసి, రుమాలుతో నొసలు తుడుచుకుని, బావగారితో ఉర్దూలో ఏదో మెల్లగా అన్నాడట. తుపాకిని మాత్రం ఆ పంటకాలమంతా చౌకీలోనే పెట్టించాడు. ఆ ఏడు చెరుకును పందులు దున్నేశాయి.

బావగారు బండెక్కారు. ఆమెను ఎక్కమనలేదు. ఆమె బండి వెనక నడుచుకుంటూ వచ్చింది. జీతగాడే మనసాగక, ఎద్దులకు కాలు నొప్పి అని చెప్పి బండి నెమ్మదిగా తోలాడట. నేను వాకిట్లో ఎదురుపోయేసరికి అక్క కాళ్ల మీద బురద ఎండి పెచ్చులు కట్టింది. పొద్దున గుండీ కుట్టిన సూది పైటకు గుచ్చినది గుచ్చినట్టే ఉంది, దారంతోసహా.

భర్త చెయ్యీ కన్నూ కాపాడుకున్న మనిషిని ఆ ఇల్లు ఏం చేయాలి? మేము తల దించుకున్నాం. ఆడది మగవాళ్ల మైదానంలోకి పోయిందని అత్తగారు చాలా రోజులు గడప దాటి బయటికి రాలేదు. మా ఆయన, "వదినె జర నిమ్మళంగ ఆలోచన జెయ్యాల్సుండె" అన్నారు. నిమ్మళంగా ఆలోచిస్తే ఏమయ్యేదో ఆయనకు తట్టలేదు. ఇందల్వాయిలో ఒక పెళ్లికి పోతే, వరస కలుపుకోవడానికి వచ్చినామె "పసుపు తుపాకోళ్ల చిన్నకోడలివా?" అంది. నేను ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పక్కనే అక్క ఉంది. ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. "ఆఁ, మా చెల్లెనే" అని చెప్పింది.

ఆమె సిగ్గు వేరే చోట ఉందని నాకు ఒక పసుపు కాలంలో తెలిసింది. ఉడికించిన కొమ్ములు వాకిట్లో ఆరబోస్తున్నాం. నేను ఉండబట్టలేక, "అక్కా, అంతమంది నవ్వుతుంటె ఎట్ల ఓర్సుకున్నవ్?" అని అడిగాను.

"మైదానానికి పోయినందుకు నాకేం సిగ్గులేదే" అంది. "గడపల నిలవడి నోరు మూసుకున్న సూడు, గందుకు సిగ్గు. ఒక్క పిలుపు. అత్త తిడ్తదని ఆగిన. సగం పొద్దు ఆయన పానం నా నోట్లె వెట్టుకొని ఇంట్లె తిరిగిన."

కొంతసేపు కొమ్ములు దొర్లించి మళ్లీ అంది. "ఇంకోటి సెప్తే నవ్వకు. మొదటిపారి పిలిస్తే ఆయనకు ఇనవడలే. సెవులల్ల దూది. ఎవలు వెట్టిన్రు? నేనే. పసుపుకొమ్ము వెట్టిందీ నేనే, దూది వెట్టిందీ నేనే. రెండో పిలుపుకు గొంతు రాకుంటె?"

నేను నవ్వలేదు. 

మరుసటి ఏడు తుపాకి తిరిగి వచ్చింది. ఆమె మళ్లీ చాప పరిచింది. ఇకనుంచి తుపాకి ఆఖరున కాదు, అన్నిటికన్నా ముందు. మడత విప్పి, గొట్టాన్ని తలుపు వైపు పట్టి, ఒక కన్ను మూసి చూసేది. తరువాత నన్ను చూడమనేది. అవతల వాకిలి వెలుతురు గుండ్రంగా కనిపించేది. "సూసినవా?" అనేది. చూశానన్నా వినకుండా "మంచిగ సూసినవా?" అని మళ్లీ అడిగేది. దూది ఉండలు ఏటేటా చిన్నవవుతూ వచ్చాయి. "పల్సగ ఉండాలె. ఇనవడాలె గద" అనేది. బావగారు గడప దాటి నాలుగడుగులు వేశాక, అత్తగారు వింటుండగానే, వెనక నుంచి పిలిచేది.

"ఇగో, సూసుకున్నవా?"

అత్తగారు మొదటి ఏడు శాపనార్థాలు పెట్టారు, రెండో ఏడు మూతి తిప్పుకున్నారు, తరువాత కాలం చేశారు. బావగారు ఆ పిలుపుకు ఆగేవారు. వెనక్కి మాత్రం తిరిగేవారు కాదు. "ఆఁ" అని, ఇష్టం లేనట్టుగా అని, బండెక్కేవారు. అప్పటి నుంచి చాంద్‌మారిలో గీత దగ్గరికి వచ్చిన ప్రతివాడూ గొట్టం విప్పి చూపించాలని సాబు కాయిదా పెట్టాడు. మమ్మల్ని చూసి నవ్విన పెద్దమనుషులంతా ఏటా కన్ను మూసి గొట్టంలోకి చూస్తారు. ఎవరి పుణ్యమా అని చూస్తున్నారో ఎవరూ అనుకోరు.

మేము నిజామాబాదులో కాపురం పెట్టాక అక్క జ్వరంతో పోయింది. మంచాన పడిందని మాకు కబురు రాలేదు. అక్కే పెట్టనీయలేదట. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఫ్యాక్టరీ కూత విని జనం పొద్దు తెలుసుకునే రోజులు వచ్చాయి. బోధన్ దారి పొడుగునా చెరుకు బండ్లే. పలకరించడానికి వచ్చిన వాళ్లలో ఒకాయన, బావగారు వింటుండగానే, "పాపం, తుపాకిల పసుపు వెట్టిన తల్లి" అన్నాడు. బావగారు తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది. లేచి లోపలికి వెళ్లిపోయాను.

దినాలు అయిపోయాయి. చాంద్‌మారి దగ్గర పడిందని నేను ఆగిపోయాను. ఆనాడు తెల్లవారి బావగారు చాపా సంచీ తుపాకీ తెచ్చి నడవలో నా ముందు పెట్టి, మాట లేకుండా బయటికి పోయారు. మా ఇండ్లల్లో తమ్ముని పెండ్లాం బావగారి ఎదుట నోరు విప్పదు. ఇన్నేండ్లలో ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడింది లేదు.

తుపాకి ముందు పట్టాను. గుడ్డా కొమ్మూ తీసి గిన్నెలో వేశాను. గొట్టం తుడిచి, తలుపు వైపు పట్టి చూశాను. వెలుతురు గుండ్రంగా కనిపించింది. మంచిగ చూశావా అని అడిగేవాళ్లు లేరు కాబట్టి నేనే మళ్లీ చూశాను. గిది కూసునేటందుకు, గిది తినేటందుకు, గిది తాగేటందుకు. పైకే చెప్పుకుంటూ సర్దాను. దూది ఉండలు ఆమె చేసినంత పల్చగా చేసి అన్నిటి మీదా పెట్టాను.

బావగారు సంచి భుజాన వేసుకుని గడప దాటారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఎద్దులు తలలు ఊపుతున్నాయి. బండివాడు ఇటు చూస్తున్నాడు. ఆయన మాకు వీపు పెట్టి అట్లాగే నిలబడ్డారు, ఎవరో ఏదో అడుగుతారన్నట్టు. నేను గడపలో ఉన్నాను. అక్క నిలబడిన చోటే. నా నోరూ ఆనాడు ఆమె నోటి లాగే మూసుకుపోయింది. అది తెలియగానే నా మీద నాకు అసహ్యం వేసింది.

"బావా, సూసుకున్నరా?" అని పిలిచాను.

ఆయన "ఆఁ" అనలేదు. వెనక్కి తిరగకుండానే అన్నారు.

"ఆనాడు మొదటి పిలుపే ఇనవడ్డది బిడ్డా. దూది అడ్డం రాలే. అంతమందిల ఆడది పిలిస్తే తిరుగుడేందని సిగ్గయింది. ఆమెకు సెప్పలే."

పసుపు ఆరబోసిన నాడు ఆమె అన్న మాటలు ఆయనకు తెలుసా? అడగలేదు. తెలిసే ఉంటుంది. ఏటేటా చిన్నవైన ఆ దూది ఉండలను చెవుల్లో పెట్టుకున్నది ఆయనే కదా.

అప్పుడు బావగారు వెనక్కి తిరిగారు. నన్ను చూడలేదు. నా పక్కన గడపలో ఖాళీగా ఉన్న చోటును చూశారు. తరువాత సంచిలో చెయ్యి పెట్టి, పైనున్న దూది ఉండలు తీసి, నాలుగడుగులు వెనక్కి నడిచి వచ్చి, గడప మీద పసుపు రాసిన చోట పెట్టి, బండెక్కారు. బండి మలుపు తిరిగేదాకా నేను అక్కడే ఉన్నాను. గాలికి అవి కదిలినప్పుడు వంగి చెయ్యి అడ్డం పెట్టాను.